శీనూ, ముందు రేకు ముక్కను ఎండలో పెట్టి చూడు

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఎలివేషన్ బొమ్మలు పొద్దున్నే చూశాను. చిత్తూరులో నీ సొంత బిల్డింగ్ లేస్తోందంటే నాకెంత సంతోషంగా ఉందో! కింద మందుల షాపు, పైన రెండంతస్తుల్లో క్లినిక్, అన్నీ బాగా కుదిరాయి. ముందు వైపు గురించి మాత్రం ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి వదిలేయబుద్ధి కాలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ బొమ్మలో మధ్య భాగం లోపలికి వంగి, అద్దంలా మెరుస్తోంది చూడు, నా టెన్షనంతా దాని గురించే. నీది పడమటి ముఖం. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా దాని మీదికే వస్తుంది. లాస్ ఏంజెలిస్‌లో ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ కట్టిన డిస్నీ కాన్సర్ట్ హాల్ 2003లో తెరిచారు. ఒళ్లంతా స్టెయిన్‌లెస్ స్టీలే. ఎక్కువ భాగం మెరుపు తగ్గించిన రేకు, కొంత మేర మాత్రం బాగా పాలిష్ పెట్టింది. లోపలికి వంగిన ఆ రేకు ఎండనంతా కూడగట్టి ఎదురిళ్ల మీదికి కొట్టింది. జనం ఉడికిపోయారు. చివరికి 2005లో ఆ రేకుల్ని గరుకు పెట్టి మెరుపు చంపాల్సి వచ్చింది. నీ బిల్డింగ్ ఎదురుగా చిన్నపిల్లల బడి ఉంది కదరా. ఆ వంపు తీసెయ్, దయచేసి.

అదే గెహ్రీ దగ్గర నేర్చుకోవాల్సిందీ ఉంది. స్పెయిన్‌లో అతను కట్టిన బిల్బావో మ్యూజియం 1997లో తెరిచారు. దాని మీద దాదాపు 33,000 టైటానియం రేకులున్నాయి, ఒక్కొక్కటి అర మిల్లీమీటరు కూడా మందం లేదు. ఆ లోహాన్ని ఎలా ఎంచుకున్నాడో తెలుసా? ఒక ముక్కను ఆఫీసు బయట స్తంభానికి కొట్టి వదిలేశాడట. వాన పడి మబ్బు కమ్మిన రోజు అది బంగారు రంగుకు తిరిగిందట. క్యాటలాగ్‌లో చూస్తే ఆ రంగు దొరికేదా!

మన కళ్లెదురుగా ఉన్నదీ అదే కదా. ఆనంద నిలయం మీద రాగి రేకు, దాని మీద బంగారం. తాపడం అని ఎంత చక్కటి మాట ఉంది మనకు! తెల్లవారుజామున ఒక రంగు, ఎండ ఎక్కాక ఇంకో రంగు. లైన్లో నిలబడి ఎన్నిసార్లు చూశానో, ఎప్పుడూ ఒకేలా కనబడలేదు.

అందుకే నేనూ పోయిన నెల ఫ్యాబ్రికేటర్‌ని అడిగి రెండు ముక్కలు తెచ్చి, మా మేడ మీద పిట్టగోడకు ఆనించాను. ఒకటి నువ్వనుకున్న వెండిరంగు ఏసీపీ, అదే అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్. రెండోది చిల్లులు కొట్టిన అల్యూమినియం రేకు, మట్టిరంగు పౌడర్ కోటింగ్. మూడు గంటలకు వెళ్లి చూస్తే మొదటిదాని వైపు కళ్లు తెరవలేకపోయాను. రెండోదాని నీడ మాత్రం నేల మీద ముగ్గు చుక్కల్లా పరుచుకుంది. పొద్దు వాలేకొద్దీ చుక్కలు సాగి కోలగా అయ్యాయి. మా పాప వచ్చి వాటి మీద గెంతుతూ లెక్కపెట్టింది.

ఏసీపీ ముక్క అంచును దగ్గరగా చూశాను. పైనా కిందా పల్చటి అల్యూమినియం, మధ్యలో నల్లటి ప్లాస్టిక్. లండన్‌లో 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ తగలబడి 72 మంది పోయారు. ఆ మంట అంత వేగంగా పైకి పాకింది మధ్యలో ఇలాంటి పాలిథిలిన్ ప్లాస్టిక్ ఉన్న షీట్ల వల్లే. పైన రోగులుండే బిల్డింగ్ నీది. ఏసీపీనే కావాలంటే, మధ్యలో మంటకు తట్టుకునే ఖనిజపు పొర ఉన్న రకమే అడుగు. బిల్లులో ఆ మాట రాయించుకో.

ఇంకోటి. అల్యూమినియం ఎండకు సాగుతుంది. 3 మీటర్ల రేకు 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మా ఆఫీసు ముందు షీట్లను జాయింట్లలో సందు లేకుండా బిగించారు. రెండు వేసవులకే ఉబ్బాయి, జాయింట్లు మూసిన సిలికాన్ చీలింది, కార్తీక మాసం వానలకు గోడ లోపల చెమ్మ చేరింది. స్క్రూ చిల్లు కోలగా ఉండాలి, రేకుకు కదిలే చోటుండాలి.

నా మాట వింటే చిల్లుల రేకే వెయ్యి, కానీ గోడకు అంటించకు. అడుగు దూరంలో ఫ్రేము కట్టి నిలబెట్టు. మన పెద్దవాళ్లు వాకిలికి తడికలు కట్టినట్టే. ఎండ తడిక మీద ఆగుతుంది, మధ్యలో వేడెక్కిన గాలి పైనుంచి వెళ్లిపోతుంది, గోడ చల్లగా ఉంటుంది. ఆ పై సందును మూయనివ్వకు. పారిస్‌లో జాన్ నువెల్ 1987లో కట్టిన అరబ్ సంస్థ భవనానికి దక్షిణం వైపు కెమెరా కన్నుల్లా తెరుచుకుని మూసుకునే లోహపు కిటికీలున్నాయి. అరబ్బుల చెక్క జాలీ నుంచి పుట్టిన ఆలోచన అది. మనకు మోటార్లు అక్కర్లేదు, తడిక చాలు.

ఆ రెండు ముక్కలూ నీ కోసం ఉంచాను. వచ్చే ఆదివారం బస్సెక్కి రా, తీసుకెళ్లి నీ సైట్లో పడమటి వైపు కట్టు. వచ్చేటప్పుడు ఎదురు బడి కిటికీలు ఎంత ఎత్తులో ఉన్నాయో కొలుచుకునిరా. అమ్మకు నమస్కారాలు, చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
రవి