పన్నును పాలలో పెట్టించిన అమ్మకు

నిన్న రాత్రంతా కన్ను మూయలేదు. బాబు ఇప్పుడే పడుకున్నాడు. వాడు లేచేలోగా ఇది రాయాలి.

ఆదివారం సాయంత్రం విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తుంటే, హైవే మీద బస్సు టీకి ఆగిన చోట మా పదేళ్ళ వాడు మెట్ల అంచు మీద బోర్లా పడ్డాడు. పై వరుస ముందు పన్ను వేరుతో సహా ఊడి వచ్చింది. నోటి నిండా రక్తం. నేను పన్ను తీసుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తాను. మట్టి పోయేలా రుద్దబోతుంటే ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు.

"రుద్దకమ్మా! వేరు ముట్టుకోకు, పైభాగం పట్టుకో."

టీ కొట్టు అమ్మ. అరవై ఏళ్ళుంటాయేమో. రాత్రికి తెచ్చుకున్న తన అన్నం ఒక ఆకులోకి దించి, ఆ స్టీలు డబ్బా కడిగింది. ఫ్రిజ్‌లోని పాల ప్యాకెట్ కత్తిరించి చల్లటి పాలు పోసి, పన్ను అందులో వేయించింది. శుభ్రమైన గుడ్డ మడిచి వాడి చేత గట్టిగా కరిపించింది. "గంటలోపే పళ్ళ డాక్టరు దగ్గర ఉండాలి" అంది.

ఇవన్నీ ఎలా తెలుసని అడిగాను. తన కొడుక్కి కబడ్డీలో పన్ను ఊడితే కాగితంలో చుట్టి మర్నాడు తీసుకువెళ్ళిందట. "పాలలో వెంటనే తెచ్చి ఉంటే నిలిచేదన్నారు. అప్పుడు నాకెవరూ చెప్పలేదమ్మా."

బిడ్డ రక్తం చూసి ఏడవని నేను, ఆ మాటకు ఆమె భుజం మీద పడి ఏడ్చాను. డబ్బులిస్తే తీసుకోలేదు. "డబ్బా ఎప్పుడైనా ఇటు వచ్చినప్పుడు ఇద్దువుగాని, ముందు పో."

మొదట వెళ్ళిన ఆసుపత్రిలో దంత విభాగానికి తాళం. "పన్నే కదా, రేపు తొమ్మిదికి రండి" అన్నారు. పన్నే కదా! వేరును అంటుకుని ఉండే సన్నని పొర ఎండిపోతే పన్ను మళ్ళీ సరిగా అతుక్కోదని, ప్రతి నిమిషమూ లెక్కేనని చెప్పేవారు అక్కడ ఒక్కరూ లేరు. చెయ్యి విరిగితే ఏ రాత్రయినా చూస్తారే, పన్ను ఊడితే సోమవారం దాకా ఆగాలా? బడిలో పళ్ళు 32 అని వల్లె వేయిస్తారు. ఒకటి ఊడితే ఏం చేయాలో మాత్రం నాకు ఏ తరగతిలోనూ చెప్పలేదు.

చివరికి ఒక డాక్టరుగారు భోజనం మధ్యలో లేచి వచ్చి క్లినిక్ తెరిచారు. ఊడిన 50 నిమిషాలకు పన్నును తిరిగి గూట్లో కూర్చోబెట్టి, పక్క పళ్ళకు తీగతో కట్టారు. రెండు వారాలు మెత్తని తిండే. ఈలోగా రూట్ కెనాల్ కూడా చేయాలట. నిలుస్తుందో లేదో నెలల తరబడి చూస్తూ ఉండాలి. శాశ్వత దంతమైతే పడిన చోటే గూట్లో పెట్టేయడం ఇంకా మంచిదట. పాలపళ్ళను మాత్రం అలా పెట్టకూడదన్నారు. ఆయనకు చేతులెత్తి నమస్కారం.

మా వారు, తమ్ముడు రాత్రే వచ్చారు.

అయ్యో, ఆ డాక్టరుగారికి ఫోను చేసి పిలిచింది మందుల షాపు అబ్బాయి. ముందే రాయాల్సింది. ఒక్క రూపాయి ఎక్కువ అడగని ఆటో అన్నకు, మా సామాను జాగ్రత్తగా దింపించిన కండక్టరు గారికి కూడా కృతజ్ఞతలు. నీళ్ళ సీసా ఇచ్చిన కాలేజీ అమ్మాయీ, నీకు కూడా.

ఆ కొట్టుకు బోర్డు లేదు, ఆమె పేరు అడగనేలేదు. హైదరాబాద్ వచ్చే వైపు, పెద్ద వేపచెట్టు కింద ఉంటుంది. అటు వెళ్ళేవారు ఎవరైనా అక్కడ ఆగితే, పన్ను గూట్లో కూర్చుందని, డబ్బా తోమి పెట్టానని చెప్పండి.