మౌంట్ డయాబ్లో నడకల విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం కాలిఫోర్నియాలోని మౌంట్ డయాబ్లో స్టేట్ పార్కుకి తొమ్మిదిసార్లు వెళ్లింది. పోయిన ఏడాది ఎవరెన్ని మైళ్లు నడిచారో, ఎంత ఎత్తు ఎక్కారో పట్టిక వేసి చూపించాం. ఈసారి ఆ పట్టిక లేదు. 3,849 అడుగుల శిఖరం దాకా కారు వెళ్తుంది. పక్కనే కార్లు ఆగుతుంటే చెమటలు కక్కుతూ ఫొటో దిగి గొప్ప చెప్పుకోవడం నాకే మొహమాటంగా ఉంది.

ముందు ఒక పొరపాటు ఒప్పుకోవాలి. శివరాత్రి దగ్గరపడిన రోజుల్లో మిచెల్ కాన్యన్ దారిలో మనలో ఒక పెద్దాయన మూడేసి ఆకులున్న లేత రెమ్మ చూసి మారేడు దళమనుకున్నారు, పూజకని నాలుగు తుంచారు. అది పాయిజన్ ఓక్ అనే, ముట్టుకుంటే ఒళ్లు పొక్కే మొక్క. రెండ్రోజులకి చేతులు, మెడ బొబ్బలెక్కాయి. ఆయన బదులు వాళ్లబ్బాయే పూజ చేయాల్సి వచ్చింది. పార్కులో ఆకైనా పువ్వైనా కోయకూడదని ముందే చెప్పకపోవడం నా తప్పు. ఇప్పుడు బయల్దేరే ముందు పిల్లలంతా ‘మూడాకులు కనిపిస్తే ముట్టుకోవద్దు’ అని అరిచాకే అడుగు ముందుకు పడుతోంది.

ఎండాకాలంలో ఎండకి భయపడి రెండు నడకలు మానుకున్నాం.

కార్తీక వనభోజనాల దగ్గర కాస్త మాటా మాటా అయింది. దీపాలు వద్దన్నందుకు కొందరు నొచ్చుకున్నారు. వానలు పడేదాకా ఈ కొండ మీద గడ్డి ఎండిపోయి ఉంటుంది. 2013 సెప్టెంబర్‌లో పార్కు బయట ఎవరో తుపాకీ గురి సాధన చేస్తుంటే అంటుకున్న నిప్పు 3,100 ఎకరాలు కాల్చేసింది. అందుకే బ్యాటరీ దీపాలతో సరిపెట్టాం. ఉసిరి చెట్టు దొరకలేదు, ఓక్ చెట్టు కింద కూర్చున్నాం. కాగితం ప్లేట్లు లేకుండా ఎవరి కంచం వాళ్లు తెచ్చుకోవడం మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

నాకు బాగా నచ్చిన రోజు శిఖరం ఎక్కిన రోజు కాదు, ఓక్ మొక్కలకి నీళ్లు పోసిన రోజు. ఆ పూట మొత్తం మీద అర మైలు కూడా నడవలేదు. బకెట్లు మోసి నడుములు పట్టేశాయి. ‘ఇది హైకింగ్ ఎలా అవుతుందండీ?’ అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

ఆయనకి అప్పుడు చెప్పిన కథే ఇక్కడ రాస్తున్నాను. 1971లో మేరీ బోవర్‌మన్ అనే వృక్షశాస్త్రవేత్త, ఆర్ట్ బాన్‌వెల్ కలిసి ‘సేవ్ మౌంట్ డయాబ్లో’ సంస్థ పెట్టేనాటికి పార్కు 6,788 ఎకరాలే. చుట్టూ ఇళ్లు లేస్తున్నాయి. పశువుల మేత భూములు, లోయలు ఒక్కొక్కటే కొని కలుపుకుంటూ వచ్చారు. పార్కే ఇప్పుడు దాదాపు 20,000 ఎకరాలు. చుట్టుపక్కల రక్షణలో ఉన్న నేలంతా కలిపితే 1,20,000 ఎకరాలు దాటుతుంది. ఈ కొండ మీద పెరిగే ‘మౌంట్ డయాబ్లో బక్‌వీట్’ అనే చిన్న గులాబీ పూల మొక్కని బోవర్‌మన్ 1936లో చూసి నమోదు చేశారు. ఆ తర్వాత అది ఎవరికీ కనిపించలేదు, అంతరించిందనుకున్నారు. 2005 మే నెలలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థి ఒకరికి మళ్లీ దొరికింది. బోవర్‌మన్ అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. 69 ఏళ్లు ఎవరికీ కనపడని మొక్కకి కూడా నేల మిగిలి ఉండాలిగా!

ఖర్చులు పార్కింగ్ రుసుము, మందుల పెట్టె వరకే. రసీదులు కోశాధికారి దగ్గర ఉన్నాయి.

వచ్చే ఏడాది నడకల్లో సగం ఇలా మొక్కలకి నీళ్లు పోసే లాంటి పనులకి పెడదామని నా ప్రతిపాదన, సర్వసభ్య సమావేశంలో తేల్చండి. ఇంకో మాట, పార్కు గేట్లు సూర్యాస్తమయానికి మూసేస్తారు. పొద్దున ఏడు అంటే ఎనిమిదిన్నర అని అర్థం చేసుకునేవాళ్ల కోసం ఇక ఆగం. డిసెంబర్ 7న శిఖరం మీది దీపస్తంభం వెలిగిస్తారు. పెర్ల్ హార్బర్ దాడిలో చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం 1964 నుంచి ఏటా జరుగుతోంది. సాయంత్రం కింద నుంచే చూద్దాం, పిల్లల్ని తీసుకురండి.

వనభోజనాల తర్వాత రెండు స్టీలు గరిటెలు, మూతలేని పులిహోర గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయాయి. ఎవరివో చెప్పి తీసుకెళ్లండి.

— నడకల విభాగం నిర్వాహకురాలు