మంచు ఫొటో ఇంకా రాలేదేం అని అడగొద్దు

జెర్సీ సిటీ,
డిసెంబరు 26, 2015

అక్కా,

చిన్నోడికి మంచు ఫొటో పంపుతానని మాటిచ్చి నెల దాటింది. వాడు రోజూ అడుగుతున్నాడని నువ్వు మెసేజ్‌లు పెడుతూనే ఉన్నావు. ఏం పంపమంటావే, ఇక్కడ మంచే లేదు. మంచు ఎత్తిపోయడానికని నవంబరులో కొన్న పార తలుపు వెనకాల స్టిక్కర్ కూడా ఊడకుండా అలాగే నిలబడి ఉంది.

క్రిస్మస్ సెలవలు కదా అని మొన్న 24న రూమ్మేటూ నేనూ న్యూయార్క్‌లో సెంట్రల్ పార్కుకి వెళ్లాం. అలవాటుగా జాకెట్లు వేసుకుని బయల్దేరి, రైలు దిగేలోపే విప్పి చేతికి వేసుకున్నాం. ఆ రోజు అక్కడ 72 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన సెల్సియస్ లెక్కలో 22. ఆ తేదీకి పాత రికార్డు 1996లో 63, దాన్ని ఒకటీ అరా కాదు, ఏకంగా 9 డిగ్రీలు దాటేసింది. మామూలుగా ఈ రోజుల్లో మధ్యాహ్నం కూడా 40 దగ్గరే ఉంటుంది. జనం నిక్కర్లలో పరుగులు తీస్తున్నారు, ఒకాయనైతే శాంటా టోపీ మొహం మీద కప్పుకుని గడ్డిలో నిద్రపోతున్నాడు. నాకూ హాయిగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇంటికొచ్చి పెరట్లో చెట్టు చూశాకే ఆ హాయి కాస్తా దిగిపోయింది.

మా బిల్డింగ్ వెనకాల ఒక చెర్రీ చెట్టుంది. ఏప్రిల్‌లో పూయాల్సింది ఇప్పుడు పూసింది. చెట్టంతా కాదు, ఒక్క కొమ్మ. లేత గులాబీ రంగు, వేలెడంత లేని పూలు, ఒకదాని అంచు అప్పుడే గోధుమ రంగుకి తిరిగింది, పక్కనే ఇంకో నాలుగు మొగ్గలు పగలడానికి సిద్ధంగా ఉన్నాయి. కొన్ని రకాలు శీతాకాలంలో కాస్త పూస్తాయట గానీ ఇది ఆ రకం కాదు. కింది ఫ్లాట్‌లో ఉండే పెద్దావిడ ఆ చెట్టుని పదేళ్లుగా చూస్తోంది. ఈ మొగ్గలు పోయిన వేసవిలోనే కట్టినవి, ఇప్పుడు విచ్చుకున్నవి మళ్లీ వసంతంలో రావు, రేపు గట్టి చలి పడితే ఇవీ మాడిపోతాయి అంది. చెట్టుని ఎవరో మోసం చేసినట్టు అనిపించింది.

బావ ఫోన్లో "అది ఎల్ నినో రా, నువ్వు ఊరికే టెన్షన్ పడకు" అన్నాడు. ఎల్ నినో నిజమే. పసిఫిక్ నీళ్లు భూమధ్యరేఖ దగ్గర బాగా కాగి ఉన్నాయి, 1997-98 తర్వాత ఇంత పెద్దది ఇదే. దానికి తోడు చలిగాలి ఉత్తర ధ్రువం చుట్టూనే తిరుగుతూ కిందికి దిగలేదు. కానీ బావని ఒకటి అడుగు. అప్పట్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకి 365 దగ్గర ఉండేది, ఇప్పుడు 400. ఎల్ నినోని ఒక మనిషి అనుకో, మనిషి ఎత్తు అదే, ఆ కార్బన్ వేడి వల్ల ఎక్కి నిలబడ్డ పీట ఎత్తు పెరిగింది. చెయ్యి అందని చోటికి అందుతుందా లేదా? ఏ ఒక్క రోజునీ పట్టుకుని ఇది దానివల్లే అనలేమని నాకూ తెలుసు, వాదించడానికి కాదు చెప్పేది.

పైగా ఇదే ఎల్ నినో ఉన్న ఏడాది మన దగ్గర నైరుతి వానలు 14 శాతం తక్కువ పడ్డాయి, ఈశాన్య రుతుపవనాలు వచ్చేసరికి చెన్నై మునిగింది. ఇక్కడ కూడా అందరికీ పిక్నిక్కేం కాదు, 23న మిసిసిపి, టెనెసీల వైపు టోర్నడోలొచ్చి మనుషులు పోయారు, వసంతంలో ఎక్కువగా వచ్చేవి క్రిస్మస్ ముందు వచ్చాయి. పారిస్‌లో 12న అన్ని దేశాలూ కూర్చుని భూమి వేడి పెరగడాన్ని 2 డిగ్రీల సెల్సియస్‌కి బాగా లోపలే ఆపుతాం, వీలైతే 1.5 దగ్గరే అని ఒప్పుకున్నాయి. సంతోషమే. కానీ ఎవరు ఎంత తగ్గించాలో ఎవరికి వాళ్లే రాసుకున్నారు, తప్పితే అడిగేవాడు లేడు. మన ఇంట్లో ఖర్చులు తగ్గించుకుందాం అని ప్రతి ఒకటో తారీఖున అనుకున్నట్టే ఉంది నాకు.

రాత్రి కిటికీ తీసి పడుకుంటే చెవి దగ్గర దోమ. డిసెంబరులో, ఇక్కడ!

చిన్నోడికి ఆ చెర్రీ కొమ్మ ఫొటో పంపిస్తున్నా, వెనకాల గోడకి కట్టిన క్రిస్మస్ లైట్లు కూడా పడేలా తీశాను. మంచు పడిన రోజు అక్కడ అర్ధరాత్రైనా సరే వీడియో కాల్ చేస్తా, వాణ్ని నిద్రలేపు. పార స్టిక్కర్ అప్పటిదాకా పీకను.

నీ తమ్ముడు