సాథోర్న్ రేవులో అమ్మకు చెయ్యి అందించిన అన్నకు

బ్యాంకాక్‌లో చావో ఫ్రాయా నది ఒడ్డున పెద్ద హోటల్లో దిగాం. అమ్మను ఒక్కసారైనా అలాంటి చోట ఉంచాలని తమ్ముడికీ నాకూ ఎన్నాళ్ళ కోరికో. గది బాగుంది, కిటికీ నిండా నది. కానీ ఈ నాలుగు మాటలు హోటల్ పడవలో పనిచేసే ఒక అన్న కోసం.

ఆ ఊరి ట్రాఫిక్‌లో కారు కంటే హోటల్ వాళ్ళ పడవలో సాథోర్న్ రేవుకు వచ్చి, పక్కనే సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో రైలెక్కడం నయం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. సీలోం రోడ్డులో తమిళులు కట్టుకున్న మారియమ్మన్ గుడి చూసుకుని వచ్చేసరికి సాయంత్రం రద్దీ. నారింజ జెండా ఎక్స్‌ప్రెస్ పడవ దూసుకుపోగానే మేం నిలబడ్డ, నీళ్ళ మీద తేలే రేవు ఒక వైపు, మా పడవ ఇంకో వైపు ఊగాయి. మధ్యలో జానెడు నీళ్ళు. "నావల్ల కాదురా" అని అమ్మ ఆగిపోయింది.

అన్నా, మీరు ఈల వేసి పడవ ఆపించారు. ఒక కాలు రేవు మీద, ఒక కాలు పడవ అంచున పెట్టి, అల సద్దుమణిగేదాకా ఆగి, ముంజేయి చాపారు. పట్టి లాగలేదు. అమ్మే మీ చేతిని ఊతగా పట్టుకుని, తన వీలు చూసుకుని ఎక్కింది. వెనక అంతమంది ఉన్నా మీ ముఖంలో తొందర లేదు. మర్నాటి నుంచి ఎక్కగానే మొదటి సీటు ఆవిడకే ఉంచారు.

మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలని అమ్మ దణ్ణం పెట్టుకుంటోంది. అటు వెళ్ళే మనవాళ్ళెవరైనా ఆ పడవ వాళ్ళకు మా తరఫున నమస్కారం పెట్టండి. చేతులు జోడిస్తే చాలు, వాళ్ళ పలకరింపూ అదే.