పాడడం మొదలుపెట్టేవాళ్లకి ముందు శ్రుతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో కొత్తగా పాడాలనుకునేవాళ్ల కోసం గొంతు బాగుపడే చిట్కాలు వేశారు. మిరియాల పాలు, తేనె, కరక్కాయ, పటికబెల్లం. గొంతు గరగరలాడితే నేనూ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకుంటాను, వాటిని కాదనను. కానీ అంత పెద్ద వ్యాసంలో శ్రుతి, అంటే పాటకి ఆధారమైన 'స' స్వరాన్ని ఎంత ఎత్తులో పెట్టుకుంటామన్నది, ఆ మాట ఒక్కచోటా కనబడలేదు. నేను విజయనగరంలో చాలా ఏళ్లుగా పిల్లలకీ, ఉద్యోగాలు చేసుకునే పెద్దవాళ్లకీ సంగీతంలో మొదటి పాఠాలు చెబుతున్నాను. కొత్తవాళ్ల గొంతు దెబ్బతినేది ఎక్కువగా తమది కాని శ్రుతిలో పాడడం వల్లేనని నా గట్టి అభిప్రాయం. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ చిట్కాల సంగతి ఒక్క మాట. మనం మింగినది ఆహారనాళంలోకి పోతుంది. శబ్దం పుట్టించే స్వరతంత్రులు ఉండేది గాలి గొట్టం పైభాగంలో. తేనె అయినా మిరియాల కషాయం అయినా వాటిని తాకదు, పైన గొంతుకి హాయిగా ఉంటుందంతే. రోజంతా కొద్దికొద్దిగా మంచినీళ్లు తాగడం, ఆవిరి పట్టడం అంతకంటే మేలు. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానుకోవాలి, అలా చేసిన ప్రతిసారీ ఆ తంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే చిట్కాలు పక్కన పెట్టి చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించుకోవాలి.

ఇక శ్రుతి. మా దగ్గరికి వచ్చే ఒకావిడ బ్యాంకులో పనిచేస్తారు. నలభై దాటాక పాట నేర్చుకోవాలని వచ్చారు. అంతకుముందు ఫోన్లో కరావోకే, అంటే గాయని గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే వినిపించే ట్రాకు, పెట్టుకుని సాధన చేసేవారట. రెండో చరణానికి వచ్చేసరికి గొంతు పట్టేసేది. "నాది పాడే గొంతు కాదేమో మేడమ్" అన్నారు మొదటి రోజే. కరావోకే ట్రాకు మామూలుగా అసలు గాయని పాడిన శ్రుతిలోనే వస్తుంది. ఆవిడకి అది చాలా ఎక్కువ. ఆధార స్వరం ఆగకుండా మోగించే తంబూరాని నాలుగున్నర శ్రుతికి దించి (శ్రుతి ఎత్తుని ఇలా అంకెల్లో చెబుతాం) అదే పాట పాడించాను. పాట పూర్తయింది, గొంతు పట్టలేదు, ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆడవాళ్లంటే ఐదున్నర, మగవాళ్లంటే ఒకటి అని లెక్క కట్టేస్తే ఇలాంటివాళ్లు ఎంతమంది పాట వదిలేస్తారో!

శ్రుతి చూసుకోవడం పెద్ద విద్యేమీ కాదు. తంబూరా వేసుకుని, ఫోన్లో యాప్ అయినా సరే, షడ్జమం (స) దగ్గర కాసేపు నిలవాలి. అక్కడినుంచి కింది పంచమం (ప) దాకా మెల్లగా దిగాలి. ఆ పంచమం గొణుగుడులా కాకుండా స్వరంగా వినబడాలి. తర్వాత పై షడ్జమానికి ఎక్కాలి. అక్కడ గడ్డం పైకి లేస్తున్నా, మెడ నరాలు తేలుతున్నా శ్రుతి ఎక్కువైనట్టే. అర శ్రుతి తగ్గించి మళ్లీ చూడాలి. కరావోకే వదలలేనివాళ్లు కూడా చాలా యాప్‌లలో కీ, అంటే శ్రుతి, తగ్గించుకోవచ్చు.

అది కుదిరాక సరళీ స్వరాలు, అంటే స్వరాలు వరుసగా ఎక్కుతూ దిగుతూ పాడే మొదటి పాఠాలు. వాటిని మాయామాళవగౌళ రాగంలో చెబుతాం. "మాయామాళవగౌళ ఎన్నాళ్లండీ, ఒక సినిమా పాట నేర్పండి" అని తల్లిదండ్రులు మొదటి నెలలోనే అడుగుతారు. కర్ణాటక సంగీత పాఠాలకి ఆద్యుడిగా చెప్పుకునే పురందరదాసు కాలం నుంచి పిల్లలకి ఆ రాగంతోనే మొదలుపెడుతున్నామని చెప్పుకుంటాం. ఊరికే కాదు. అందులో స, రి పక్కపక్కనే ఉంటాయి. రి నుంచి గ కి పెద్ద అంగ. గ, మ మళ్లీ పక్కపక్కనే. పైన ప ద ని స కూడా అచ్చం అదే వరుస, కాబట్టి కింద కుదిరింది పైన కూడా కుదురుతుంది. దగ్గర స్వరాన్ని దగ్గరగా, దూర స్వరాన్ని దూరంగా పట్టుకోవడం గొంతుకి ఒకేసారి అలవాటవుతుంది. కొత్తవాళ్లు ఎక్కేటప్పుడు రిషభాన్ని (రి) పైకి జరిపేస్తారు. దిగేటప్పుడు గ దాటాక జారి, మొదలుపెట్టిన షడ్జమం కంటే కాస్త కిందకి వచ్చి ఆగుతారు. తంబూరా మోగుతుంటే ఆ తేడా వాళ్లకే తెలుస్తుంది. అది మోగకపోతే నేను చెప్పినా నమ్మరు! సంగీతం నేర్చుకునే ఇంట్లో తంబూరా వినబడకుండా సాధన జరగకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఊపిరి గురించి కూడా చెప్పాలి. పాడే ముందు గాలి పీల్చమంటే అందరూ భుజాలు ఎగరేస్తారు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి ముందుకు వచ్చేలా పీల్చాలి. ఆదితాళం ఒక ఆవర్తనం (ఒక చుట్టు), ఎనిమిది అక్షరాలూ (తాళం లెక్కలు), ఒకే షడ్జమాన్ని అకారంలో, అంటే 'ఆ' అంటూ, నిలపాలి. మొదట్లో ఐదో అక్షరం దగ్గరే వణుకుతుంది, పర్వాలేదు. గాలి ఎంత నింపామన్నది కాదు, ఎంత పొదుపుగా వదిలామన్నదే చూసుకోవాలి. నోరు సగం మూసి ముక్కుతో పాడేవాళ్లకి అకారమే మందు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మగపిల్లల సంగతి. పన్నెండు, పదిహేనేళ్ల మధ్య వాళ్ల స్వరపేటిక పెరుగుతుంది, తంత్రులు పొడవై మందమవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే పై స నుంచి కింది స దాకా ఉన్నంత దూరం, కిందకి దిగుతుంది. ఆ దిగే నెలల్లో పాడుతుండగానే గొంతు చీలిపోతుంది. మా ఊళ్లోనే ఒక స్కూల్లో వార్షికోత్సవం బృందగానం నుంచి ఒక ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి అందరి ముందూ తీసేశారు, "నీ గొంతు పోయిందిరా" అని. గొంతు పోలేదు, మారుతోంది. ఆ పిల్లాడు ఇంటికొచ్చి పాటే మానేశాడు. వాళ్లమ్మ నా దగ్గరికి తీసుకొచ్చినప్పుడు నోరు తెరవడానికి కూడా టెన్షన్ పడ్డాడు. ఆ వయసులో సాధన ఆపక్కర్లేదు. శ్రుతి తగ్గించి, హాయిగా పలికే నాలుగైదు స్వరాల్లోనే, మెల్లగా, కాసేపు పాడిస్తే చాలు. పై స్థాయి కోసం అరవనివ్వకూడదు. కొత్త గొంతు కుదురుకున్నాక మళ్లీ శ్రుతి చూసి, సరళీ స్వరాల నుంచి ఇంకోసారి పాడించాలి.

మా ఊరి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఘంటసాల గారు ఇక్కడికి వచ్చి, మధుకరం ఎత్తుకుని, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుని, కడుపు నింపుకుంటూ చదువుకున్నారు. ఆయన గొంతు రావాలని నా దగ్గరికి వచ్చే కుర్రవాళ్లు ఆయన పాటలని అనుకరిస్తూ గొంతు లావు చేసుకుని పాడతారు. ఆయన చేసిన సాధన గురించి మాత్రం అడగరు. అడిగితే చెప్పడానికి ఈ ఊళ్లో ఇంకా మనుషులున్నాం.

వేసవి సెలవుల్లో ప్రతి వీధిలోనూ సంగీత శిబిరాలు పెడతారు. అరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టి, ఒకే శ్రుతిపెట్టె మీద ఒకే శ్రుతిలో పాడిస్తారు. కనీసం రెండు జట్లు చేసి, రెండు శ్రుతులు పెట్టమని నిర్వాహకులకి మీ పత్రిక ద్వారా మనవి. మీరు కూడా ఆ శిబిరాలు మొదలయ్యేలోపు సంగీత కళాశాలల అధ్యాపకుల చేత, గొంతు వైద్యుల చేత చెరొక వ్యాసం రాయించి వేయగలరు. మగపిల్లల గొంతు మారే వయసు గురించి అందులో తప్పకుండా ఉండాలి.

ఇట్లు,
ఒక సంగీతం టీచరు,
విజయనగరం.