సీసం వల గుళ్లకు పౌడర్ కోటింగే మేలు

సంపాదకులకు నమస్కారం.

నాగార్జునసాగర్ జలాశయం చుట్టుపక్కల విసురువలలకు సీసం గుళ్లు ఇంట్లో పోసుకునేవారు, సీసం చేతికి అంటకుండా పైపూత వేయించాలనుకుంటే మెరుపు చూసి, కరెంటుతో లోహపు పూత వేసే ఎలక్ట్రోప్లేటింగ్‌కు పోవద్దు. సీసం మీద చూస్తుండగానే ఆక్సైడ్ పొర కడుతుంది. అడుగున రాగి పూత సరిగా పట్టకపోతే పైది పొక్కులు లేస్తుంది. ఆ రాగి పూత వేసే తొట్టిలో తరచూ వాడేది సైనైడే. ఇంతా చేసి, 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో నూరో వంతు) పూత రాళ్ల మీద ఈడిస్తే ఎన్నాళ్లుంటుంది?

రంగు పొడి పట్టించి వేడితో కరిగించి అతికించే పౌడర్ కోటింగ్ 60-80 మైక్రాన్లు పడుతుంది. సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర, పౌడర్‌కు 200 చాలు. అయితే పోతలో సోల్డర్ (సీసం, తగరం కలిసిన అతుకు లోహం) తుక్కు కలిపితే మోసమే, అది 183 దగ్గరే కరగడం మొదలెడుతుంది. గుళ్లను అసిటోన్‌తో జిడ్డు పోయేలా తుడిచి, తీగకు ఎడంగా గుచ్చి, పౌడర్ పట్టించి, 180-200 డిగ్రీల్లో 20 నిమిషాలు ఉంచాలి. ఈ నిమిషాల లెక్క గుండు అంత వేడెక్కినప్పటి నుంచి. ఒకదానికొకటి తగిలితే అతుక్కుని, విడదీసిన చోట సీసం బయటపడుతుంది. చల్లారాక అసిటోన్ గుడ్డతో రుద్దండి, రంగు బాగా దిగితే సరిగా కాలలేదన్నట్టే. వంట ఓవెన్ మాత్రం వద్దే వద్దు. పూత ఉంది కదా అని గుండును పళ్లతో నొక్కకండి.

- ఒక పాఠకుడు, దేవరకొండ