బెణుకు అనుకోవద్దు

అయ్యా,

పెద్దవాళ్లు జారిపడి తుంటి నొప్పి అంటే ‘బెణికింది, అదే తగ్గుతుందిలే’ అని ఇంట్లోవాళ్లు సరిపెడుతున్నారు. ఫిజియోథెరపిస్టుగా ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

తొడ ఎముక ఒంట్లోకెల్లా పొడవైనది, గట్టిది. కానీ తుంటి గిన్నెలో తిరిగే దాని తల కింద సన్నటి మెడ ఉంటుంది, కింది పొడవాటి ఎముకతో సుమారు 125 డిగ్రీల కోణంలో. తలకు రక్తం తెచ్చే నాళాలు ఎక్కువగా ఈ మెడను అంటిపెట్టుకునే వెళ్తాయి. మెడ విరిగి ఎముక పక్కకు జరిగితే అవి తెగిపోవచ్చు, రక్తం అందక తల చచ్చుబడిపోవచ్చు. ఎముక అలా జరిగితే కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తుంది. ఎముక పక్కకు జరగకుండా చీలితే మాత్రం కొందరు నడిచేస్తారు కూడా, అసలు మోసం అక్కడే!

పడ్డాక గజ్జల్లో నొప్పి ఉంటే మసాజ్‌లు వద్దు, వెంటనే ఎక్స్‌రే తీయించండి. మీ ఆరోగ్య పేజీలో ఈ తుంటి కీలు చిత్రాన్ని పెద్దగా వేయమని మనవి.

– ఒక ఫిజియోథెరపిస్టు